మాట ముందు, టేపు తర్వాత

లూద్విక్‌తో బొమ్మల యుద్ధం ఆడి సంతోషంగా ఇంటికి వెళ్ళినవాళ్ళు టార్నూవ్ ఊళ్ళో ఎవరూ లేరు. గెలిచినవాళ్ళు కూడా తలనొప్పితోనే వెళ్ళేవాళ్ళు. అతని ఉద్యోగం భూములు కొలవడం. వారమంతా జనాల పొలాల గట్లు కొలిచి, ఇరుగుపొరుగుల తగవులు తీర్చి, ఆదివారం నాడు అదే మొహంతో వచ్చి ఆటబల్ల మీద టేపు పరిచేవాడు. తగవులు తీర్చడం కాదు, పెట్టడం అనేవాళ్ళూ ఉన్నారు. ఎదుటివాడి బొమ్మ చేయి జారి కాస్త ముందుకి పడితే వెనక్కి పెట్టించేవాడు. గోడ చాటున సగం మొహం కనబడుతోందా, పావు మొహమేనా అని వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి మరీ చూసేవాడు. ఈలోగా ఎదుటివాడి టీ చల్లారిపోయేది. పోనీలే అన్న మాట అతని నోట రాదని అందరికీ తెలుసు.

అలాంటివాడు ఆ ఆదివారం మధ్యాహ్నం క్లెమెన్స్‌తో ఆడుతూ "పోనీలెండి" అన్నాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అన్నాడు. అసలు అక్కడే క్లెమెన్స్‌కి అనుమానం రావాల్సింది. రాలేదు.

కాలనీ సమాజ భవనం కింద ఒక నేలమాళిగ ఉంది. పైన ముసలమ్మలు పాటలు సాధన చేస్తుంటే కింద ఈ ఆటల క్లబ్బువాళ్ళు యుద్ధం చేస్తుంటారు. పెద్ద బల్ల మీద అట్టతో, థర్మోకోల్‌తో కట్టిన పాడుబడ్డ పట్నం పరిచి ఉంటుంది. విరిగిన గోడలు, గంటస్తంభం, ఇళ్ళ కప్పులు, నిచ్చెనలు, మధ్యలో ఒక నుయ్యి. ఆ సందుల్లో రెండు ముఠాలు ఒకదాన్నొకటి వేటాడతాయి. ముఠా అంటే బొటనవేలంత బొమ్మలు కొన్ని, వేళ్ళ మీద లెక్కపెట్టేసేటన్ని. వంతులవారీగా ఒక్కో బొమ్మనీ నడిపించాలి, కనబడిన శత్రువుని కొట్టాలి, తగిలిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఎదుటివాడి నాయకుడు కూలితే ఆట అయిపోయినట్టే.

ఈ ఆట చాలా ఊళ్ళలో ఆడతారు. మిగతా చోట్ల ముందే టేపు పెట్టి, దూరం చూసుకుని మరీ అడుగు వేస్తారట. ఈ నేలమాళిగలో అలా చేస్తే మొహం మీదే నవ్వుతారు. ఇక్కడి పద్ధతి మాట ముందు, టేపు తర్వాత. "నా వాడు ఈ మూల నుంచి ఆ మెట్ల దాకా పరిగెడతాడు" అని ముందు పైకి చెప్పాలి. ఆ తర్వాతే కొలవాలి. అందితే సరే. అందకపోతే టేపు ఎక్కడాగితే అక్కడే, నడివీధిలో, శత్రువుల కళ్ళెదుట నిలబడాలి. అన్న మాట వెనక్కి తీసుకోవడం కుదరదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎవరి బొమ్మని వాళ్ళే ముట్టుకోవాలి. ఒక్కో బొమ్మకి రంగులు వెయ్యడానికి వారాలు పడతాయి, పరాయి చేయి పడితే పెచ్చులు లేస్తాయి, మాటలూ లేస్తాయి.

కంటితోనే దూరం పట్టడంలో క్లెమెన్స్‌ని మించినవాడు ఆ క్లబ్బులో లేడు. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషి. వెంట్రుకవాసి తేడాలు చూసి చూసి కన్ను అలవాటుపడిపోయింది. రంగులు వెయ్యడంలోనూ ఆయనదే పైచెయ్యి. ఆయన ముఠాలో ఊర్షూలా అని ఒక విలుకత్తె బొమ్మ ఉంది. దాని తల గోరులో సగం ఉండదు, అయినా ఆ తలలో పెదవి విరుపు కనబడుతుంది. రాత్రంతా కాపలా కాసి విసుగెత్తిన ఆడమనిషి మొహం అది. చూసినవాళ్ళు ఎవరో తెలిసినవాళ్ళలా ఉంది అనేవాళ్ళు. ఆయన భార్య హలినా మాత్రం అది ఎవరి మొహమో తనకి తెలుసనీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ అద్దంలో చూస్తున్నాననీ అనేది.

నిరుడు చలికాలంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. డాక్టరమ్మ దానికో పేరు చెప్పి, మాత్రలు రాసి, ఇది తగ్గేది కాదు, నెమ్మదిగా పెరిగేది అని మర్యాదగా చెప్పింది. ఎండలు మొదలయ్యేసరికి కుంచె వదిలేశాడు. కొత్త బొమ్మకి కన్ను దిద్దుదామని కూర్చుంటే నల్లచుక్క వెళ్ళి చెంప మీద పడింది. తుడిచి మళ్ళీ వేస్తే ముక్కు మీద పడింది. కుంచెలన్నీ కడిగి, ఆరబెట్టి, డబ్బాలో సర్ది, కనబడనిచోట పెట్టమని హలినాకి ఇచ్చేశాడు. ఆమె డబ్బా అందుకుని వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

ఇక ఆయనకి మిగిలింది ఆదివారం ఆట ఒక్కటే. అది కూడా ఎప్పుడు చేజారుతుందో అన్న బెంగ ఆయన్ని లోపల్లోపల తొలిచేసేది. ఆ బెంగ దాచుకోలేకే వేసవిలో ఓసారి అందరి ముందూ ఒక మాట అనేశాడు. తను ఆటకి పనికిరాని రోజున ఈ బొమ్మల పెట్టె ఇక్కడే వదిలేసి పోతాననీ, జాలిపడి ఆడించుకుంటే ఆడే రకం కాదనీ అన్నాడు.  క్లబ్బు నడిపే ఇరేనా లేచి కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

కానీ ఆకులు రాలే కాలంలో పోటీలు మొదలయ్యాక జరిగింది వేరు. క్లెమెన్స్ గెలుస్తూ వచ్చాడు. ఆటలో ఆరితేరిన బోగుష్ అంతటివాడు వంతెన ఒకటి ఉందన్న సంగతే మర్చిపోయి తన మనుషుల్ని చుట్టుతిరుగుడు దారిలో పంపాడు. ఇరేనా తన నాయకుణ్ణి తెచ్చి ఊర్షూలా బాణం ముందు నిలబెట్టి, అయ్యో నా మతి మండా అని తల కొట్టుకుంది. ప్రతి ఆదివారం క్లెమెన్స్ ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే కథంతా చెప్పేవాడు. చెయ్యి పోతే పోయింది, కన్ను మాత్రం ఇంకా పదునెక్కింది అనేవాడు. హలినా గసగసాల రొట్టె కోసి పెట్టేది. ఆమెకి ఆటలో ఓనమాలు తెలియవు గానీ మొగుడి మొహం చూసి సంబరపడేది.

ఇప్పుడు ఆఖరి ఆట లూద్విక్‌తో. వీడి ముందు కూడా నిలబడగలిగితే ఇంక మానేసే ప్రసక్తే లేదని, నిలబడలేకపోతే పెట్టె అక్కడే వదిలేసి రావాలని ఆయన గట్టిగా అనుకున్నాడు. ఆ మాట హలినాతో అనలేదు. బూట్ల తాడు కట్టడానికి ఆమె వంగినప్పుడు మాత్రం, సాయంత్రం కాస్త ఆలస్యమైతే కంగారు పడకు అన్నాడు.

ఆట బాగానే మొదలైంది. పాచికలు గ్లాసులో వేసి గిలకరించి పోస్తే వణుకు ఎవరికీ తెలియదు. బొమ్మని జరిపేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, మోచెయ్యి బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి జరిపేవాడు. ఊర్షూలాని ముందే ఒక ఇంటి కప్పు మీదకి చేర్చాడు. అక్కడినుంచి సగం పట్నం కనబడుతుంది. లూద్విక్ నాయకుడు ఎర్ర అంగీ తొడుక్కున్న ఒక దొర. వాణ్ణి లూద్విక్ నూతి పక్కన ఒక మొండిగోడ వెనక్కి చేర్చాడు. ఆ తర్వాత కదపలేదు.

"ఏవయ్యా లూద్విక్, మీ దొర ఆ గోడ వెనకే కాపురం పెట్టేశాడా?" అన్నాడు క్లెమెన్స్.

"అక్కడ అద్దె తక్కువండీ."

"కప్పు మీద ఆవిడుందని భయం. అలా చెప్పు."

"ఆవిడంటే ఎవరికి భయం లేదు చెప్పండి. మీకు లేదా?"

క్లెమెన్స్ హాయిగా నవ్వాడు. అప్పుడే ఆయన కత్తివాడొకడు చేతిలోంచి జారి అనుకున్న మూల దాటి పడ్డాడు. వెనక్కి తీసి పెట్టబోతుంటే లూద్విక్ పోనీలెండి అన్నాడు. ఇంకాసేపటికి ఈటెవాడు మెట్ల దాకా వెళతాడని క్లెమెన్స్ అన్నప్పుడు లూద్విక్ టేపు తియ్యనే లేదు. కంటికే అందుతోంది కదండీ, పోనీలెండి అన్నాడు. క్లెమెన్స్‌కి గర్వంగా అనిపించింది. ఊరంతా కొలిచేవాడు తన కన్నుని నమ్మి టేపు జేబులోంచి తియ్యలేదంటే మాటలా అనుకున్నాడు.

మనిషి సంతోషంలో ఉన్నప్పుడే ఒంటి మీద ధ్యాస తప్పుతుంది. ఈటెవాణ్ణి మెట్ల దగ్గర నిలబెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే మణికట్టు పట్టుకోవడం మర్చిపోయాడు. చెయ్యి ఒక్కసారి ఎగిరినట్టయింది. స్వెట్టరు అంచు గంటస్తంభానికి తగులుకుంది. స్తంభం గోడ మీద పడింది, గోడ ఇంటి మీద పడింది, పట్నంలో సగం నేలమట్టమైంది. రెండు ముఠాల బొమ్మలూ బోర్లాపడ్డాయి. పక్క బల్లల వాళ్ళు ఇటు తిరిగారు.

"ఏం ఫరవాలేదండీ, అందరికీ అవుతుంది" అన్నాడు లూద్విక్. ఆ గొంతులో విసుగు లేదు. ఆసుపత్రిలో నర్సులు మాట్లాడే గొంతులా ఉంది.

అలా జరిగితే ఇద్దరూ కలిసి గుర్తు తెచ్చుకుని ఎవరి బొమ్మల్ని వాళ్ళు ఎక్కడివక్కడ పెట్టుకోవాలి. గోడలు నిలబెట్టారు. క్లెమెన్స్ మణికట్టు పట్టుకుని ఒక్కొక్కటీ సర్దుకోవడం మొదలుపెట్టాడు. కప్పు మీద ఊర్షూలాని నిలబెట్టడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ అటు చూడనట్టు నటించారు. తల ఎత్తేసరికి లూద్విక్ కూడా తనవి సర్దేసి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మీ వంతేనండీ, కానివ్వండి అన్నాడు.

ఎర్ర అంగీ దొర గోడ వెనక లేడు. గోడకి ఇవతల ఉన్నాడు. పెద్ద తేడా కాదు, బొటనవేలు మందం. కానీ ఊర్షూలా ఉన్న కప్పు మీద నుంచి చూస్తే తల నుంచి కాళ్ళ దాకా కనబడుతున్నాడు. కదలక్కర్లేదు. కొడతాను అంటే చాలు. ఆ దూరంలో ఊర్షూలా బాణం తప్పే అవకాశం చాలా తక్కువ. ఆట గెలిచినట్టే, లూద్విక్‌ని ఓడించినట్టే, వచ్చే ఆదివారం మళ్ళీ రావచ్చు.

క్లెమెన్స్ ముందు పొరపాటేమో అనుకున్నాడు. తర్వాత లూద్విక్ మొహం చూశాడు. లూద్విక్ పొరపాటు చెయ్యడు. బోగుష్ మర్చిపోయిన వంతెన గుర్తుకొచ్చింది. ఇరేనా తల కొట్టుకోవడం గుర్తుకొచ్చింది. కోటు విప్పకుండా హలినాకి చెప్పిన కథలన్నీ గుర్తుకొచ్చాయి.  కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లూద్విక్, మీ దొర అక్కడ లేడు."

"అక్కడే ఉన్నాడండీ."

"గోడ వెనక ఉన్నాడు. విరిగిన ఇటుక అంచుకి వాడి మోచెయ్యి ఆనుకుని ఉంది."

"నాకలా గుర్తు లేదు. మీ వంతు, ఆడండి."

"పొలం గట్టు జానెడు జరిగిందని మనుషుల్ని కోర్టుకెక్కించేవాడివి. నీకు గుర్తు లేదా?"

లూద్విక్ చెవులు ఎర్రబడ్డాయి. అతను బోగుష్ వైపు చూశాడు. బోగుష్ తన టీ గ్లాసులో నిమ్మముక్క వైపు చూశాడు. ఆ రెండు చూపులూ చాలు, క్లెమెన్స్‌కి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. అయినా అడిగాడు.

"నువ్వొక్కడివేనా? అందరూ కలిసేనా?"

ఇరేనా ఏదో అనబోయింది. లూద్విక్ ఆమెని ఆపాడు. కలిసి ఏమీ అనుకోలేదండీ అన్నాడు. ఎవరికి వాళ్ళమే చేశామనీ, ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదనీ, మిగతావాళ్ళు కూడా చేస్తున్నారని తర్వాత తర్వాత అర్థమైందనీ చెప్పాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి, అడిగినదానికి అడిగినట్టు చెప్పేశాడు. బోగుష్ ఆ వంతెన సంగతి తనకి నిజంగానే గుర్తు అంటూ మొదలుపెట్టి సగంలో ఆపేశాడు.

క్లెమెన్స్ పెట్టె ముందుకి లాక్కున్నాడు. పెట్టె లోపల స్పాంజిలో ఒక్కో బొమ్మకీ ఒక్కో గుంట కత్తిరించి ఉంది. ఊర్షూలాని కప్పు మీద నుంచి తీశాడు. ఈసారి మణికట్టు పట్టుకోలేదు. పట్టుకోవాలని అనిపించలేదు కాబోలు. చెయ్యి గాలిలో ఊగుతోంది. బొమ్మని గుంటలో పెట్టబోతే పెట్టె అంచుకి తగిలింది. మళ్ళీ పెట్టబోతే పక్క గుంటలోకి వెళ్ళింది. ఆవిడ విల్లు పెట్టె చెక్కకి టక్కున తగిలి కొసన రంగు లేచింది. చుట్టూ నలుగురూ నిలబడే ఉన్నారు, ఎవరూ చెయ్యి చాపలేదు. పరాయి బొమ్మని ముట్టుకోకూడదన్న కట్టుబాటు వాళ్ళని అలా కట్టిపడేసింది. ఇరేనా మొహం పక్కకి తిప్పుకుంది.

"మీరు వేసవిలో అన్నారు కదండీ" అన్నాడు లూద్విక్. గట్టిగానే అన్నాడు. "పనికిరాని రోజున పెట్టె వదిలేసి పోతానన్నారు. ఓడిపోతే మానేస్తారని నాకు భయమేసింది. మీరు మానేస్తే నాతో ఎవడాడతాడు? ఎదురాటకి నా పేరు వస్తే బోగుష్‌కి ఆ వారం జలుబు చేస్తుంది. నేను టేపు తీస్తే మొహం చిట్లించుకోకుండా నవ్వేది మీరొక్కరే. మీ మీద జాలి కాదండీ. నా బాధ నాది."

క్లెమెన్స్ ఊర్షూలాని ఎలాగో గుంటలో పడుకోబెట్టి తల ఎత్తాడు. 

"నాలో ఎంత మిగిలిందో చూసుకుందామని వస్తున్నానయ్యా నేను. మీరంతా కలిసి అద్దం మీద దుప్పటి కప్పేస్తే నా మొహం నాకెలా కనబడుతుంది?"

 పైన ముసలమ్మలు ఒక పాట దగ్గర తప్పి, మొదటికొచ్చి మళ్ళీ ఎత్తుకున్నారు. లూద్విక్ క్షమించమని అనలేదు. అలాంటి మాటలు అతనికి రావు. వంగి, ఎర్ర అంగీ దొరని రెండు వేళ్ళతో ఎత్తి గోడ వెనక పెట్టాడు.

"ఇక్కడ" అన్నాడు.

క్లెమెన్స్ కూర్చున్న చోటి నుంచే తేరిపార చూశాడు. ఒప్పుకోకూడదు, లేచి పోవాలి అని మనసు చెబుతోంది. కంటికి మాత్రం ఆ బొమ్మ తప్పు చోట కనబడి దురద పెట్టింది. ఎన్నో ఏళ్ళ అలవాటు అది.

"ఇంకాస్త ఎడమకి. ఇటుక అంచుకి మోచెయ్యి ఆనాలని చెప్పానా?"

లూద్విక్ ఎడమకి జరిపాడు. ఇప్పుడు కప్పు మీద నుంచి చూసినా ఎర్ర అంగీలో దారపు పోగు కూడా కనబడదు. క్లెమెన్స్ తల ఊపాడు. ఊర్షూలాని పెట్టెలోంచి బయటికి తీసి, మణికట్టు పట్టుకుని మళ్ళీ కప్పు మీద నిలబెట్టాడు.

అక్కడినుంచి లూద్విక్ మళ్ళీ లూద్విక్ అయిపోయాడు. టేపు బయటికొచ్చింది. ముందు తను పోనీలెండి అని వదిలేసిన ఈటెవాణ్ణి గుర్తుపెట్టుకుని, ఆ మెట్లు మళ్ళీ కొలిచి చూద్దామన్నాడు. కొలిస్తే అందింది. క్లెమెన్స్ మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆ తర్వాత నవ్వడానికి ఏమీ మిగల్లేదు. లూద్విక్ మనుషులు రెండు సందుల్లోంచి కమ్ముకొచ్చి ఈటెవాణ్ణి మెట్ల దగ్గరే పడగొట్టారు. కత్తివాడు గంటస్తంభం కింద చిక్కుకున్నాడు. క్లెమెన్స్ నాయకుడు, బట్టతల కెప్టెన్, ఒక గుమ్మంలో ఒంటరిగా మిగిలాడు. ఇంకొక్క వంతు లూద్విక్‌కి వస్తే కెప్టెన్ దక్కడు.

ఇక దారి ఒక్కటే. ఊర్షూలా కప్పు దిగి, వీధి దాటి, నూతి చప్టా దాకా వెళ్ళాలి. ఆ చప్టా వెనక నుంచైతే గోడ చాటున ఉన్న దొర వీపు కనబడుతుంది. దగ్గర నుంచి కొడితే గురి తప్పదు. క్లెమెన్స్ ఆ దూరాన్ని కంటితో తడిమి చూశాడు. నిచ్చెన, గుమ్మం, వీధి, చప్టా. అందుతుందనిపించింది. అందదేమోననీ అనిపించింది. గుండె దడదడలాడింది. ఇన్ని వారాల్లో ఒక్క ఆటలోనూ అలా దడ పుట్టలేదని అప్పుడు తెలిసింది.

"మాట చెబుతున్నాను. ఊర్షూలా నిచ్చెన దిగి నూతి చప్టా వెనక్కి పరిగెడుతుంది."

"విన్నాను" అన్నాడు లూద్విక్.

క్లెమెన్స్ చెయ్యి చాపాడు. నిచ్చెన ఉన్నది గంటస్తంభానికీ కప్పుకీ మధ్య సందులో, ఆ సందు అరచెయ్యంత కూడా లేదు. చెయ్యి ఆ సందు దగ్గరికి వెళ్ళేకొద్దీ వణుకు ఎక్కువైంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ గదిలో తన నోటితో అనని మాట అప్పుడు అన్నాడు.

"నా చెయ్యి వణుకుతోందయ్యా. ఆ సందులోకి వెళితే మళ్ళీ ఊరు కూలుతుంది. నేను దారి చెబుతాను, నువ్వు జరుపు."

బోగుష్ దగ్గాడు. ఆ గదిలో ఒకరి బొమ్మని ఇంకొకరు ఎత్తడం ఎవరూ ఎరగరు. లూద్విక్ రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. ఊర్షూలాని కాళ్ళ కింద పీఠం దగ్గర పట్టుకుని, రంగు మీద వేలు పడకుండా పైకెత్తాడు. తను మనసు పెట్టి చేసిన మొహం పరాయివాడి వేళ్ళ మధ్య చూసి క్లెమెన్స్‌కి కష్టమనిపించింది. అయినా కళ్ళు తిప్పుకోలేదు. నిచ్చెన ఎడమవైపు, గుమ్మం పక్కనుంచి, ఇప్పుడు తిన్నగా అని దారి చెబుతూ పోయాడు. లూద్విక్ టేపు ఆ దారి వెంటే నెమ్మదిగా పాకింది.

టేపు చప్టాకి ఇవతలే ఆగింది. మధ్యలో మిగిలింది గోరు మందం.

లూద్విక్ టేపు మీద నుంచి తల ఎత్తలేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. ఇరేనా చూపులైతే బతిమాలుతున్నాయి. గోరు మందమేగా, ఏ ఊళ్ళో అయినా ఎవరైనా వదిలేస్తారు. క్లెమెన్స్ కూడా అతన్నే చూస్తున్నాడు. ఆయన బతిమాలడం లేదు. ఇతను ఇప్పుడు పోనీలెండి అంటే తను లేచి కోటు వేసుకుని, పెట్టె ఇక్కడే వదిలి వెళ్ళిపోవాలి, అంతే. అనొద్దు, అనొద్దు అని లోపల దండం పెట్టుకున్నాడు.

"అందలేదండీ" అన్నాడు లూద్విక్.

"టేపు వంకరగా పట్టుకున్నావు. మళ్ళీ కొలిచి చూడు."

లూద్విక్ మళ్ళీ కొలిచాడు. ఈసారి టేపు రెండో కొస పట్టుకోమని బోగుష్‌ని పిలిచాడు. మళ్ళీ గోరు మందం మిగిలింది.

"వంకరగా పట్టినా అందలేదు, తిన్నగా పట్టినా అందలేదు. వీధిలోనే ఆగాలి మీ ఆవిడ" అని ఊర్షూలాని తెచ్చి నడివీధిలో నిలబెట్టాడు. అక్కడ చుట్టూ చాటనేదే లేదు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లూద్విక్ వంతు వచ్చింది. ఊర్షూలా వీధిలో పడింది. గుమ్మంలో కెప్టెన్ ఒక దెబ్బ తప్పించుకున్నాడు, రెండో దెబ్బకి కూలాడు. ఈ మనిషికి గుండె స్థానంలో సిమెంటు దిమ్మ ఉందని ఇరేనా బోగుష్ చెవిలో అంది. అందరికీ వినబడేట్టే అంది.

క్లెమెన్స్‌కి బాధేసింది. మామూలు బాధ కాదు, ముక్కుపుటాలు అదిరేంత బాధ. గెలుస్తాననే అనుకున్నాడు మరి. కానీ ఆ బాధ తనదే, ఎవరూ చేతిలో పెట్టింది కాదు. ఇన్ని వారాలుగా తీపి మీద తీపి తిని మొద్దుబారిన నాలుకకి ఉప్పు తగిలినట్టు ప్రాణం లేచొచ్చింది. గోరు మందంలో పోయింది ఆట. గోరు మందం దాకా వచ్చాడు తను, ఈ చేత్తో, ఈ వయసులో, లూద్విక్ మీద.

"అందుతుందనే అనుకున్నాను" అన్నాడు. "చేతికి తోడు కన్ను కూడా పోతోందేమో."

"కన్నుకేం కాలేదు. పోయిన చలికాలం ముందు కూడా మీరు వంతెన దగ్గర ఇలాగే తప్పారు. అప్పుడు చెయ్యి బాగానే ఉంది. మీకు ఎదురుగా ఉన్న దూరం బాగా తెలుస్తుంది, మూల తిరిగితే తప్పుతారు. ఎప్పుడూ అంతే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నేనెలా గెలుస్తాను?"

క్లెమెన్స్ పగలబడి నవ్వాడు. నవ్వుకి చెయ్యి ఇంకా ఊగింది, ఊగనిచ్చాడు. బొమ్మల్ని గుంటల్లో సర్దమని పెట్టె లూద్విక్ వైపు తోశాడు. ఊర్షూలాది పై వరుసలో చివర గుంట, విల్లు కిందికి ఉండాలి, జాగ్రత్త అన్నాడు. లూద్విక్ ఒక్కొక్కటీ సర్దుతుంటే, వచ్చే ఆదివారం సంగతి ఎత్తాడు. కిటికీ వైపు తనకి కావాలన్నాడు. అటు వెలుతురు బాగుంటుందనీ, పెద్దవాణ్ణి కాబట్టి ఆ మాత్రం మర్యాద చెయ్యాలనీ అన్నాడు.

"పాచిక వేసి తేల్చుకుందాం" అన్నాడు లూద్విక్.

"వచ్చేవారం దాకా ఎందుకు, ఇప్పుడే తేల్చుకుందాం. ఐదు గానీ ఆరు గానీ పడితే కిటికీ నాది."

గ్లాసు కోసం చూడకుండా పాచిక చేతిలోకి తీసుకున్నాడు. వెయ్యబోతుంటే చెయ్యి ఎగిరి పాచిక బల్ల అంచు దాటి కిందపడి దొర్లింది. బోగుష్ వంగి చూసి, ఆరు పడింది క్లెమెన్స్ గారూ, కిటికీ మీదే అన్నాడు.

"నేల మీద పడింది చెల్లదు" అని లూద్విక్ పాచిక ఏరి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "మళ్ళీ వెయ్యండి."